చెయ్యి వాడిది, కన్ను నాది

141వ రోజు

భూమి చుట్టూ తిరిగే ఈ త్రికూట కేంద్రం ఉత్తర, దక్షిణ, ద్వీప కూటములు మూడూ కలిసి కట్టినది. ఇక్కడ ప్రతివాళ్ళూ సొంత భాషలో ఒక చిట్టా రాసుకోవచ్చు. ముప్పై ఏళ్ళదాకా పక్క కూటమి వాళ్ళు దాన్ని తెరవకూడదని ఒప్పందం. కాబట్టి ఇందులో ఎవరినేమన్నా అడిగే దిక్కు లేదు. నా పేరు లెంక పైడమ్మ, ఊరు గాజువాక. దక్షిణ కూటమి తరఫున ఊపిరి సామాను ఫిట్టర్ని. ఫ్యాన్లు, ఫిల్టర్లు, పంపులు, గాలి గొట్టాలు. పదకొండు మంది వదిలిన గాలిని మళ్ళీ పీల్చుకోడానికి పనికొచ్చేలా చెయ్యడం నా ఉద్యోగం.

పొద్దున్నే గోడల మీది చెమ్మ తుడిచాను. ఎనిమిది ఫిల్టర్లు దులిపాను. ఒకదాంట్లో ఎవరిదో కత్తిరించిన గోరు, ఇంకోదాంట్లో చెవిపోగు దొరికాయి. గోరు ఎవరిదో తెలిస్తే పట్టుకెళ్ళి మొహాన కొడదామనుకున్నాను గాని ఎవరూ ఒప్పుకోలేదు.

ఈ రోజు నెల మొదలు కదా, ఉత్తర కూటమి ఫిట్టరు ఎల్డ్రిక్ సోర్న్ వచ్చి తన ఆరు ఫారాలూ ఇచ్చి నా ఆరూ పట్టుకెళ్ళాడు. ఇక్కడ ఒక స్క్రూ తిప్పినా జంట ఫారం రాయాలి, అదీ కాగితం మీదే, ఎవరి కంప్యూటరునీ ఎవరూ నమ్మరు గనక. పని చేసినవాళ్ళు ‘చెయ్యి’ అన్న గడిలోనూ, పక్కన ఉండి చూసినవాళ్ళు ‘కన్ను’ అన్న గడిలోనూ సంతకం పెట్టాలి. చెయ్యి ఏ కూటమిదైనా కావచ్చు. కన్ను మాత్రం ఆ వస్తువు ఎవరిదో ఆ కూటమిదే అవ్వాలి. ఏదన్నా చెడితే జవాబు చెప్పాల్సింది కన్నే. చెయ్యి పొరపాటు పడుతుంది, అది పట్టుకోడానికే కదా కన్ను ఉన్నది అని పెద్దలు తీర్మానించారు. అలాగైతే ఒక దేశం ఇంకో దేశాన్ని వేలెత్తి చూపే పని ఉండదట.

రాతలో బాగానే ఉంది. రోజుకి నలభై పనులుంటే ఎవరు ఎవరి పక్కన నిలబడతారు? అందుకని కన్ను గడిలో ముందే సంతకాలు చేసేసి, పండక్కి పక్కింటికి పిండివంటలు పంపినట్టు ఒకరికొకరం పంచుకుంటాం. ఇవ్వనంటే నిన్ను నమ్మటం లేదని చెప్పినట్టే. అంతకంటే మోటు పని ఇక్కడ ఇంకోటి లేదు.

ఇవ్వనిది ఒక్క ఓదెలన్నే. చింతకింది ఓదెలు, జమ్మికుంట వైపు మనిషి, మా తోటమాలి. యాభై దాటాయి. మందు ఆకు అని పట్టీలో రాసి గోంగూర పెంచుతాడు. ఎవరు పని చేస్తున్నా వెళ్ళి పక్కన తేలుతూ చివరిదాకా చూస్తాడు, మధ్యలో వంద ప్రశ్నలు వేస్తాడు. ఆయన వస్తున్నాడంటే అందరూ తప్పుకుంటారు.

“ఎందుకన్నా, అందరికీ ఇసుగు తెప్పిత్తావు? ఓ ఆరు కాయితాలు సంతకం పెట్టి పడీలేవా?” అన్నాను.

“సూడంది సూసిన్నని ఎట్ల రాద్దు చెల్లె? నాతోని గాదు” అన్నాడు.

150వ రోజు

మార్పిడి వారం అయిపోయింది. ఒకటి ముగిసిన నలభై రోజులకి మళ్ళీ వచ్చే తద్దినం ఇది. ఒక కూటమి ఫిట్టరు ఇంకో కూటమి గదుల్ని శుభ్రం చేయాలి, స్నేహం కోసం. నాకు ద్వీప కూటమి గదులు పడ్డాయి. మా గదులు సోర్న్‌కి పడ్డాయి. వారమంతా ద్వీపాల వాళ్ళ గొట్టాల్లో తల దూర్చి ఉన్నాను, ఇంకా మెడ పట్టేసే ఉంది.

సాయంత్రం ఓదెలన్న వచ్చాడు. “చెల్లె, నిన్న నేను తోటల ఉన్నప్పుడు సోర్న్ సాఫ్ జేసి పోయినకాంచి నా ఫ్యాను ఒకటే లొడలొడ మోగుతాంది. జెర అచ్చి సూస్తవా?” అన్నాడు.

“రేపొత్తానన్నా. ఈ పూటకి తామా డాక్టర్నడిగి ఓ మాత్రేసుకుని తొంగో” అన్నాను.

158వ రోజు

ఓదెలన్న పోయాడు.

పొద్దున టీ సంచీలు ఇద్దరివీ నేనే వేడి చేస్తాను. ఏడున్నరైనా రాలేదు. వెళ్ళి తలుపు జరిపాను. లోపల చప్పుడు లేదు. తొమ్మిది రోజులుగా మోగుతున్న ఫ్యాను ఆగిపోయి ఉంది. ఇక్కడ గాలి తనంతట తాను కదలదు. ఫ్యాను తోలకపోతే మనిషి వదిలిన ఊపిరి మొహం ముందే నిలబడిపోతుంది, మళ్ళీ దాన్నే పీలుస్తాడు. హెచ్చరిక గంట మోగాలి. గంటకీ ఫ్యానుకీ ఒకటే తీగ. మోటారు కాలినప్పుడు అదీ కాలింది. ఉత్తి నిద్రైతే ఉక్కిరిబిక్కిరై లేచేవాడేమో. తామా ఇచ్చిన మాత్ర రోజూ వేసుకుంటున్నాడు.

రేపొస్తానని చెప్పి ఎనిమిది రోజులైంది. నేను వెళ్ళలేదు.

సోర్న్ పరుగున వచ్చాడు. “నువ్వు మనిషి దగ్గర ఉండు, మోటారు సంగతి నేను చూసుకుంటాను” అన్నాడు. కాలిన మోటారు విప్పి సంచిలో మూసి చెత్త వాహనంలో పడేశాడు. విషపు పొగ వస్తుందట, ఉంచకూడదట. మధ్యాహ్నం వాహనం విడిపోయి కింద గాల్లో కాలి బూడిదైంది. అంత సాయం చేసినందుకు అతనికి దండం పెట్టాను.

160వ రోజు

విచారణ సంఘం తెర మీదికి వచ్చింది. మూడు కూటముల పెద్దలు ముగ్గురు. 149వ రోజు ఫారం చదివారు. దక్షిణ కూటమి రెండో గది, ఫ్యాను శుభ్రం చేయడమైనది. చెయ్యి: ఎల్డ్రిక్ సోర్న్. కన్ను: లెంక పైడమ్మ.

నా సంతకమే. ఖాళీగా ఇచ్చిన ఆరింట్లో ఒకటి.

సోర్న్ కేసి చూశాను. అతను తెర కేసి చూస్తున్నాడు. “మా ఇద్దరికీ బాధగానే ఉంది. నా పని నేను చేశాను, ఆమె చూసి సరే అంది” అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మా కూటమి పెద్దే నా మైకు కట్టేశాడు.

ఈ ముగ్గురూ నీళ్ళ ట్యాంకు రంగు మీద పద్నాలుగు నెలలు కొట్టుకున్నారు. నా విషయంలో అరగంటలో ఒక్క మాట మీదికొచ్చారు.

163వ రోజు

మా కూటమి వకీలు బెహరా సాంబమూర్తి గారు మాట్లాడారు. శ్రీకాకుళం ఆయన, ఎప్పుడూ మెత్తగానే ఉంటారు.

“చూడమ్మా పైడమ్మా, సంతకం నీదేనా?”

“నాదేనండి. ఖాళీ ఫారం మీద పెట్టిచ్చాను. ఆ రోజు నేనా గది ఛాయలకే వెళ్ళలేదు.”

“ఆ ముక్క మాత్రం రికార్డులో అనకు తల్లీ.”

“ఎందుకనకూడదండి? నిజం కదా!”

“నిజమే. అన్నావనుకో, మూడేళ్ళ ఫారాలు, నలభై వేల పైన, అన్నీ చిత్తు కాయితాలే. ఏ పనీ ఎవరూ చూళ్ళేదని తేలితే కేంద్రం మూసుకోవాలి. ఒక్క మనిషి అజాగ్రత్త అని రాసుకుంటే పని నడుస్తుంది. 196న నౌక వస్తుంది. దిగాక ఏడేళ్ళు జైలు పడొచ్చు. లైసెన్సు ఎలాగూ ఉండదు. తగ్గించమని నేను అడుగుతాను.”

అన్ని మాటలూ అంత మెత్తగానే చెప్పారు. నేను కేకలేశాను. ఆయన పాపం చివరిదాకా విని, “ఒంట్లో జాగ్రత్తమ్మా” అని పెట్టేశారు.

ఇందులో ఇంకో తమాషా. నౌక వచ్చేదాకా పని మాత్రం నేనే చెయ్యాలట. మనిషిని చంపిన ఫిట్టర్ననీ వాళ్ళే అంటారు, మరుగుదొడ్డి పంపు ఆగిందని పిలిచేదీ వాళ్ళే.

165వ రోజు

ఓదెలన్న భార్య నుంచి మాట వచ్చింది. తిరిగి జవాబివ్వడానికి నాకు అనుమతి లేదు, వినడానికే ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

“పైడమ్మా, నేను రాజవ్వను. ఆఫీసోళ్ళు అచ్చి కాయిదం సదివిండ్రు. ఫ్యాను సాఫ్ జేస్తాంటే పక్కపొంటి ఉండి సూసింది నువ్వేనట గదా. ఫోన్ జేసినప్పుడల్లా నీ ముచ్చటే జెప్పేటోడు, ఈడ నాకో చెల్లె ఉన్నది, నాకు ఫికర్ లేదు అని. మరి ఏం సూసినవు పైడమ్మా?”

నాలుగుసార్లు విన్నాను. ఐదోసారి వినలేక కట్టేశాను. ఆవిడ ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు.

నాకు ఏడేళ్ళు పడనీ, పదేళ్ళు పడనీ. ఆ ఇంట్లో నా పేరు ఇలా నిలబడిపోతుందంటే మాత్రం పడను. సోర్న్ గాడు కింద తన ఇంట్లో సుఖంగా కూచుంటే నేను ఊరుకోను.

168వ రోజు

సోర్న్ వచ్చాడు. ముందు ఓదెలన్న గురించి రెండు మంచి మాటలు చెప్పాడు. విన్నాను.

“నా ఫారాలు నీ దగ్గర మిగిలి ఉంటే ఇచ్చేస్తావా పైడమ్మా? ఇలాంటప్పుడు రికార్డులు సరిగ్గా ఉండటం ఇద్దరికీ మంచిది.”

అప్పటిదాకా నాకు తట్టలేదు. వాడి సంతకంతో నా దగ్గర ఇంకా నాలుగున్నాయి.

“అయిపోయాయి” అన్నాను.

“ఆరూనా?”

“ఆరూ.”

“ఎక్కడ వాడావు?”

“అక్కడా అక్కడా. గుర్తులేదు.”

వాడి మొహంలో రంగు దిగిపోవడం కళ్ళారా చూశాను. ఉత్తర కూటమి సామానులో నా చెయ్యి పడ్డ ప్రతిదానికీ వాడు కన్ను అయి ఉండొచ్చు. ఏది చెడినా జవాబు వాడిదే. ఏది, ఎప్పుడు, వాడికి తెలీదు. ఓదెలన్న పోయాక ఈ రోజే కడుపునిండా తిన్నాను.

173వ రోజు

వాడు నన్ను వదలటం లేదు. ఫిల్టరు విప్పితే పక్కన తేలుతున్నాడు. గొట్టం బిగిస్తే వచ్చి తానూ స్పానర్ వేసి చూస్తున్నాడు. మూడేళ్ళలో ఎవరి పక్కనా పట్టుమని పది నిమిషాలు నిలబడని మనిషి, రోజుకి పద్నాలుగు గంటలు నా వెనకే తిరుగుతున్నాడు.

నేనూ తక్కువ తినలేదు. అవసరం లేని చోటల్లా మూతలు విప్పి మళ్ళీ పెడుతున్నాను. మూత్రపు ట్యాంకు ఒక్కరోజే రెండుసార్లు తెరిచాను. ముక్కు మూసుకుని అక్కడే ఉన్నాడు, కళ్ళల్లో నీళ్ళు ఊరుతున్నా కదల్లేదు. ఒకసారి ఊరికే పంపు మీద చెవి ఆనించి, “అయ్యో” అన్నాను. ఆ పంపుని ముక్కలుముక్కలుగా విప్పి మళ్ళీ బిగించేసరికి వాడి భోజనం వేళ దాటిపోయింది. పంపుకి ఏమీ లేదు.

ఇంత సంతోషం నా పెళ్ళిలో కూడా పడలేదు. రాయడానికి సిగ్గు కూడా వెయ్యటం లేదు.

184వ రోజు

సోర్న్ కళ్ళు గుంటలు పడ్డాయి. పడుకుంటే ఏం విప్పేస్తానో అని పడుకోవటం లేదు. తామా డాక్టరు, ఆవిడ ద్వీప కూటమి మనిషి, నన్నాపి, “అతనికేమైంది?” అని అడిగింది. “మనస్సాక్షేమో” అన్నాను.

కానీ ఇది చాలదు. ఓదెలన్న శవం చెడకుండా పెట్టే చల్లపెట్టెలో ఉన్నాడు, వీడు నిద్ర చాలక ఆవలిస్తున్నాడు. ఇదేం లెక్క? నౌక ఇంకా పన్నెండు రోజుల్లో వస్తుంది. నేను దిగిపోతే వాడు హాయిగా పడుకుంటాడు.

189 నుంచి మళ్ళీ మార్పిడి వారం. వంతు ప్రకారం ఈసారి నాకు ఉత్తర కూటమి గదులు పడతాయి. నా పేరు తీసెయ్యాలంటే మూడు కూటములూ సంతకాలు పెట్టాలి, అది రెండు నెలల పని. కాబట్టి ఎవరూ తియ్యలేదు.

ఏం చేస్తానో రాసేస్తున్నాను. వాడి గది ఫ్యాను ఇరుసు స్క్రూ సగం వదులు చేస్తాను. మూడు నాలుగు రోజులకి దానంతటదే ఊడుతుంది. గంట వైపు తీగ కొస కూడా వదులు చేస్తాను. ఫారంలో చెయ్యి నేను. కన్ను, సోర్న్. తన చావుకి తానే జవాబుదారీ అవుతాడు. మూడు కూటములూ అలాగే రాసుకోనీ, వాళ్ళకి అలవాటేగా.

189వ రోజు

సోర్న్ పొద్దున భోజనాల దగ్గర కళ్ళు తిరిగి గోడకి కొట్టుకున్నాడు. తామా బలవంతాన లాక్కెళ్ళి రక్తపరీక్షకి కట్టి పడుకోబెట్టింది. నలభై నిమిషాలు కదలకూడదంది. పాపం, వాడికి నిద్ర లేకుండా చేసింది నేనే కదా, ఆ ఫలం నాకే దక్కింది.

వాడి గదిలోకి వెళ్ళాను. నాలుగు స్క్రూలు తీసి మూత పక్కన అతికించాను. ఫ్యాను సన్నగా, చప్పుడు లేకుండా తిరుగుతోంది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. కిందటి మార్పిడి వారానికి ముందు నెలంతా వీడు తన ఫ్యాను గోల పెడుతోందని, నిద్ర పట్టటం లేదని అందరితోనూ మొరపెట్టుకున్నాడు.

ఆపి, మోటారు తిప్పి చూశాను. నడుం చుట్టూ ఆకుపచ్చ పట్టీ ఉంది. అది దక్షిణ కూటమి సామాను రంగు. కింద అంకె, అంకె కింద మూడు చుక్కలు. గాజువాక యార్డులో సామాను పెట్టెలకెక్కించే ముందు ఒక్కో మోటారునీ నేనే తిప్పి చూసి, నా పంచ్‌తో మూడు చుక్కలు కొట్టాను. ఈ అంకె ఓదెలన్న గదిది.

వీడు శుభ్రం చెయ్యలేదు. తన లొడలొడ మోటారు ఆయన గదిలో పడేసి, ఆయనది తెచ్చి తనకి పెట్టుకున్నాడు. దాని మీద నా కన్ను అతికించాడు. తొమ్మిది రోజులకి అది కాలిపోతే సంచిలో మూసి చెత్తలో పంపించాడు. నేను వాడికి దండం పెట్టాను.

స్పానర్ పట్టుకుని ఎంతసేపు ఉన్నానో తెలీదు. మెత్తబడ్డాననుకుంటే పొరపాటు. స్క్రూ వదులు చేస్తే వీడు నిద్రలో పోతాడు, ఏమీ తెలియకుండా. అంత సుఖమైన చావు వీడికి నేనెందుకివ్వాలి?

స్క్రూలు గట్టిగా బిగించాను. ఊపిరి సామానుకి వేసే ఎర్ర ముద్ర పట్టీ మోటారు చుట్టూ చుట్టాను. దాన్ని ఇక సంఘం తప్ప ఎవరూ తాకకూడదు. వాడిచ్చిన ఫారం తీసి రాశాను. ఉత్తర కూటమి నాలుగో గది, ఫ్యాను విప్పి చూడగా దక్షిణ కూటమి రెండో గదికి చెందిన మోటారు అందులో బిగించి ఉన్నది, అంకె ఫలానా. చెయ్యి: లెంక పైడమ్మ. కన్ను: ఎల్డ్రిక్ సోర్న్.

ఉత్తర గదిలో నేనొక్కదాన్నీ చూశానంటే చెల్లదు. కానీ నాతోపాటు వాడూ చూసి సంతకం పెట్టాడు కదా. మూడు కూటములకీ ఒకేసారి పంపాను. తర్వాత తామా గదికి వెళ్ళి, సూది గుచ్చి ఉన్న సోర్న్ మొహం ముందు నకలు పట్టుకున్నాను. రెండుసార్లు చదివాడు. అరుస్తాడనుకున్నాను. కళ్ళు మూసుకున్నాడంతే.

190వ రోజు

సంఘం మళ్ళీ వచ్చింది. ద్వీప కూటమి పెద్దావిడ అడిగింది.

“సోర్న్, ఇది మీ సంతకమేనా?”

“నాదే.”

“ఈ పని జరుగుతుండగా మీరు చూశారా?”

వాడు నావైపు చూశాడు. చూళ్ళేదంటే ఖాళీ ఫారం ఇచ్చానని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే 149వ రోజు ఫారం సంగతీ అడుగుతారు. అప్పుడు కన్నే లేకుండా ఒంటిచేత్తో ఊపిరి సామాను మార్చి మనిషిని చంపినవాడవుతాడు. చూశానంటే దొంగ మోటారు తన గదిలో ఉందని తానే సాక్ష్యం. నెల కిందట నేను నిలబడ్డ చోటే నిలబడ్డాడు. నేను ఒక్క రెప్ప కూడా వెయ్యకుండా చూశాను.

“చూశాను” అన్నాడు.

ఊపిరి సామాను దొంగతనానికి ఇక్కడ ఒకటే శిక్ష. బతికినన్నాళ్ళూ జైలు.

విచారణ అయ్యాక తోట దగ్గర నన్నాపాడు. “ఆ మోటారు మార్చేముందు నెలరోజులు నిద్ర లేదు నాకు. కొత్త మోటారు అడిగితే మావాళ్ళు ఆరు నెలలు ఆగమన్నారు. ఓదెలు మొద్దునిద్ర మనిషి, చప్పుడు లెక్కచెయ్యడనుకున్నాను. ఆగిపోతుందనుకోలేదు పైడమ్మా, నిజం.”

“నాతో ఒక్క ముక్క చెప్తే బేరింగు మార్చేదాన్ని. ఇరవై నిమిషాల పని” అన్నాను.

అనేశాక నా మాట నాకే తగిలింది. ఆ ఇరవై నిమిషాల కోసమే కదా ఓదెలన్న నన్ను పిలిచింది. వాడి ముందు అది బయటపడనివ్వలేదు. తోటలోకి పోయి గోంగూరకి నీళ్ళు పట్టాను.

192వ రోజు

సాంబమూర్తి గారి గొంతులో ఈసారి పెళ్ళి కళ.

“శుభవార్తమ్మా! మూడు కూటములూ రాజీకొచ్చాయి. ఆ రెండు ఫారాలూ, 149దీ 189దీ, ఖాళీగా ఇచ్చినవని మీరిద్దరూ ఒప్పుకుంటారు. ఆ రెంటినే రద్దు చేస్తారు, మిగతావాటి జోలికి పోరు. చావు పరికర లోపం అని రాస్తారు. నీ మీద కేసు లేదు, లైసెన్సు నీకే ఉంటుంది. సంతకం ఒక్కటే బాకీ.”

“సోర్నో?”

“అతని మీదా ఉండదనుకో. రెండూ కలిపే కదా రాజీ.”

“అయితే నాకొద్దండి.”

“పైడమ్మా, ఏడేళ్ళమ్మా! వాడి మీద పంతానికి నీ మెడకి నువ్వే ఉరి బిగించుకుంటావా?”

“బిగించుకుంటానండి. వాడి మెడకి కూడా అదే తాడు కదా.”

ఆయన చాలాసేపు బతిమాలారు. పిల్లల మీద ఒట్టు పెట్టబోతే నాకు పిల్లల్లేరని గుర్తు చేశాను. చివరికి, “ఓదెలు ఆత్మ శాంతిస్తుందనుకుంటున్నావా?” అన్నారు. ఆయన ఆత్మ సంగతి నాకు తెలీదు. నా ఒళ్ళు మాత్రం చాన్నాళ్ళకి చల్లబడింది. అదే చెప్పాను.

194వ రోజు

సామాను అప్పగించేశాను. ఎల్లుండి నౌకలో నేను, సోర్న్, మధ్యలో ఓదెలన్న పెట్టె. మూడు గంటల ప్రయాణం, ఎదురెదురు కుర్చీలు. వాడి మొహం చూస్తూ దిగాలని నాకు ఉబలాటంగానే ఉంది.

విచారణ ముగిసింది కాబట్టి బయటికి ఒక్క పిలుపు ఇచ్చారు, పది నిమిషాలు. మా అమ్మకి చెయ్యలేదు. రాజవ్వ వదినకి చేశాను. నా పేరు ఆ ఇంట్లో కడుక్కోవాలని ఇన్నాళ్ళూ పళ్ళు బిగబట్టుకుని ఉన్నాను. గబగబా మొత్తం చెప్పాను. మోటారు మార్చిందెవరో, సంచిలో మూసిందెవరో, నేను వాణ్ని ఎలా పట్టించానో, రాజీ ఎందుకు తోసేశానో. మెచ్చుకుంటుందనుకున్నాను. మెచ్చుకోకపోయినా వాణ్ని నాలుగు తిడుతుందనీ, ఇద్దరం కలిసి తిట్టుకుంటామనీ అనుకున్నాను.

ఆవిడ మొత్తం విన్నది. నేనాగాక అడిగింది.

“మరి నువ్వు సూసినవా, సూడలేదా?”

“సూడలేదొదినా. సంతకం ముందే పెట్టిచ్చీసాను.”

“ఫ్యాను మోగుతాందని నాతోని గూడ జెప్పిండు. మా చెల్లెకు జెప్పిన, అచ్చి సూస్తనన్నది అన్నడు. నీతోని అన్నడా?”

అబద్ధం చెప్పొచ్చు. ఆయన చల్లపెట్టెలో ఉన్నాడు, నేను చెప్పిందే సాక్ష్యం. సోర్న్ అయితే చెప్పేవాడు.

“అన్నాడొదినా. రేపొత్తానన్నాను. ఎనిమిది రోజులు ఎల్లలేదు.”

తెర మూల అంకెలు తరుగుతున్నాయి, ఇంకా రెండు నిమిషాలున్నాయి.

“వానికి జన్మంత జైలేనంట గదా, పడనీ. వాడెవడో నాకు తెల్వదు. తెల్వనోని మీద నాకేం కోపముంటది?” అంది రాజవ్వ. గొంతు పెంచలేదు. “చెల్లె అన్నది నిన్ను. పెట్టె దించేకాడికి నేనూ, నా బిడ్డలూ వస్తున్నం. ముందుగాల నువ్వు దిగు. మా ఎదురుంగ నిలవడి గీ ముచ్చట మల్లొకసారి జెప్పు. అటెన్క నిన్నేం జెయ్యాల్నో మేం సూసుకుంటం.”

ఆ గొంతు నాకు తెలుసు. నెల రోజులుగా నా గొంతు అదే.

“దిగుతానొదినా” అన్నాను.